పదహారో నంబరు రోడ్డు మీద రెండు చక్రాలు

కోల్‌కతా నుంచి చెన్నై పోయే కంటైనర్ లారీ డ్రైవరుకి రణస్థలం అంటే రోడ్డు పక్కన ఒక పచ్చ బోర్డు. లావేరు నుంచి ఎరువుల కొట్టుకొచ్చిన రైతుకి అది బజారు వీధి. ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రాలో అడుగుపెట్టి సోంపేట, పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం మీదుగా భోగాపురం దాటిపోయే పదహారో నంబరు జాతీయ రహదారి కథంతా ఇదే. పాతవాళ్లకి ఇప్పటికీ అది అయిదో నంబరు రోడ్డే. నరసన్నపేట నుంచి విశాఖ వైపు ఆరు వరుసలైంది. రోడ్డు వెడల్పయింది, ఊళ్లు మాత్రం ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. అందుకే వందలో దూసుకొచ్చే కారుకి ఎదురుగా, వెనక గడ్డిమోపు కట్టుకుని రాంగ్ రూటులో నింపాదిగా వచ్చే మోపెడ్ కనిపిస్తుంది. యూటర్న్ ఎక్కడో రెండు కిలోమీటర్ల అవతల ఉంది మరి. అదేమిటని అడిగితే ఆసామి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఏటవుద్ది బాబూ, ఇక్కడికే గదా!"

ఏమవుతుందో కేంద్ర రవాణా శాఖ ఏటా లెక్క గడుతోంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. అంటే నూటికి నలభై నాలుగు మందికి పైనే. లారీలు, బస్సులు, కార్లు అన్నీ కలిపినా ఆ వాటా రాదు.

బండి మీద తిరిగే ప్రతివాడి దగ్గరా ఎదుటివాళ్ల నిర్లక్ష్యం మీద ఒక పురాణం ఉంటుంది. ఆటోవాడు చూడడు, లారీవాడు లెక్కచెయ్యడు, కారువాడికి కళ్లు నెత్తికెక్కాయి. అన్నీ నిజమే. అయితే తిట్టుకున్నంత మాత్రాన వాళ్లు మారరు, వాళ్లు మారేదాకా ఇంట్లో కూర్చోవడమూ కుదరదు. మనకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. నిర్లక్ష్యం ఎక్కడ పడితే అక్కడ జరగదు. దానికీ కొన్ని జాగాలు, కొన్ని వేళలు, కొన్ని అలవాట్లు ఉన్నాయి. అవి తెలిసినవాడికి సగం ప్రమాదాలు ముందే కనబడతాయి.

మొదటి జాగా డివైడర్ మధ్యలో ఉండే ఖాళీ. అక్కడ అవతలివైపుకి తిరగడానికి కాచుకున్న కారు డ్రైవరు మనవైపు చూస్తూనే ఉంటాడు. అయినా సరిగ్గా మన బండి దగ్గరకొచ్చేసరికి ముందుకు దూకిస్తాడు. అదేమంటే "కనిపించలేదు" అంటాడు. అది అబద్ధం కాకపోవచ్చు. 1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడు లాస్ ఏంజెలస్ పరిసరాల్లో జరిగిన 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను ఒక్కొక్కటిగా పరిశీలించి నివేదిక ఇచ్చాడు. ఇంకో వాహనంతో గుద్దుకున్న ప్రమాదాల్లో మూడింట రెండొంతులు, బైకు పోవాల్సిన దారికి అవతలి వాహనం అడ్డం రావడం వల్ల జరిగినవే. ఆ డ్రైవర్లలో చాలామంది చెప్పింది, బైకు కనిపించలేదనో, కనిపించేసరికి ఆలస్యమైపోయిందనో. మనిషి కన్ను పెద్ద వాహనాల కోసం వెతకడానికి అలవాటు పడింది. పైగా చిన్న వస్తువు ఎదురొస్తుంటే అది ఇంకా దూరంలో ఉన్నట్టు, నెమ్మదిగా వస్తున్నట్టు తోస్తుంది. కాలిఫోర్నియా కళ్లకీ పైడిభీమవరం కళ్లకీ ఇందులో తేడా ఏమీ లేదు.

పగలైనా హెడ్‌లైటు వెలుగుతూ ఉండాలని 2017 ఏప్రిల్ 1 నుంచి అమ్మే కొత్త బైకులకు నియమం పెట్టింది ఇందుకే. స్విచ్చే ఉండదు, ఇంజను స్టార్ట్ అయితే లైటు వెలగాల్సిందే. మన ఊళ్లలో దీనివల్ల ఓ సరదా పుట్టింది. ఎదురొచ్చే పెద్దాయన చెయ్యి పైకెత్తి, వేళ్లు ముడుస్తూ తెరుస్తూ "లైటు వెలిగిపోతంది బాబూ" అని సైగ చేసి పోతాడు. తీసి పారెయ్యాల్సిన సైగ కాదది. ఆయన మన లైటు చూశాడంటే మనల్ని చూసినట్టే లెక్క!

ఆగి ఉన్న వాహనం కదులుతుందో లేదో తెలుసుకోవడానికి చాలామంది డ్రైవరు మొహంలోకి చూస్తారు. అదంత నమ్మదగింది కాదు. మనవైపే చూస్తూ మనల్ని చూడనివాళ్లు బోలెడంతమంది. చక్రం మాత్రం మోసం చెయ్యదు. ముఖ్యంగా సర్వీసు ఆటో దగ్గర ఈ కిటుకు బాగా పనిచేస్తుంది. విజయనగరంలో కోట జంక్షన్ నుంచి మూడు లాంతర్ల వైపు పోతుంటేనో, శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గరో గమనిస్తే తెలుస్తుంది. రోడ్డు పక్కన ఎవరో సంచీ పట్టుకుని చెయ్యెత్తితే చాలు, ముందున్న ఆటో ఉన్నపళంగా ఎడమకి కోస్తుంది. ఇండికేటర్ ఉన్నా వెయ్యడు. చెయ్యో కాలో బయటపెడతాడు, అదీ సగం తిరిగాక. అయితే ఆటోకి ముందు ఒక్కటే చక్రం. ఒళ్లు కదలకముందే అది పక్కకి తిరుగుతుంది. దాన్ని చూసినవాడికి క్షణకాలం ముందే కబురు అందుతుంది. దానికన్నా ముందు కబురు కావాలంటే రోడ్డు పక్కన నిలబడ్డ ప్యాసింజర్‌ని చూడాలి. ఆ చెయ్యి లేచిందంటే ఆటో ఆగుతుంది, అంతే. ఆటోకి ఎడమవైపు నుంచి దూరిపోవాలనుకునే కుర్రాళ్లకి ఈ లెక్క ఎవరైనా చెబితే బాగుండును.

లారీల సంగతి వేరు. లారీవాడు మొండివాడని పేరుగానీ, నిజానికి అతను చాలాసార్లు గుడ్డివాడు. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. ఎడమ పక్కన, క్యాబిన్‌కి దగ్గరగా వచ్చిన బైకు అతని అద్దంలో పడదు. ముక్కుకి ఎదురుగా మరీ దగ్గరగా ఉన్నా కనిపించదు. లారీ అద్దంలో డ్రైవరు మొహం మనకు కనిపించడం లేదంటే మనమూ అతనికి కనిపించడం లేదన్నమాట. టెక్కలి వైపు గ్రానైట్ రాళ్లు మోసుకొచ్చే ట్రైలర్లయితే ఇంకో చిక్కు కూడా ఉంది. మలుపులో ముందు చక్రాలు ఎంత దూరం తిరిగినా వెనక చక్రాలు లోపలివైపుకి కోసుకుంటూ వస్తాయి. అది ఎడమకి తిరుగుతున్నప్పుడు దానికీ ఫుట్‌పాత్‌కీ మధ్య ఖాళీ కనిపిస్తే, ఆ ఖాళీ రెండు సెకన్లలో మాయమైపోయేదని అర్థం.

 ఈ రోడ్డు పేరెత్తితే శ్రీకాకుళం జిల్లాలో అందరికీ గుర్తొచ్చే తేదీ ఒకటుంది, 2012 నవంబరు 2. నాలుగుసార్లు శ్రీకాకుళం ఎంపీగా గెలిచి, కేంద్రమంత్రిగా చేసిన కింజరాపు ఎర్రన్నాయుడు విశాఖలో ఓ పెళ్లికి వెళ్లి తిరిగొస్తుండగా, రణస్థలం దగ్గర దండానపేట వద్ద ఆయన కారు ట్యాంకర్‌ని ఢీకొంది. ఆయన బతకలేదు. నాలుగు వైపులా ఇనుము ఉన్న కారుకే ఆ గతి పట్టింది.

రాత్రి కదిలే లారీ కంటే ఆగిన లారీ ప్రమాదం. డాబా ఎదుట టీకి ఆపిన లారీకి వెనక లైటుండదు. ఉన్నా దాని మీద నెల్లాళ్ల బురద. రాజాం దగ్గర సంకిలి పంచదార ఫ్యాక్టరీకి క్రషింగ్ రోజుల్లో చెరకు వేసుకుపోయే ట్రాక్టర్లయితే మరీను. ట్రాలీకి అసలు లైటే ఉండదు, చెరకు గడలు రెండు వైపులా బయటకు పొడుచుకొచ్చి ఉంటాయి. చీకట్లో దాన్ని గుర్తుపట్టే ఉపాయం ఒకటుంది. ఎదురొచ్చే వాహనాల లైట్లు కొంతమేర ఉన్నట్టుండి కనబడకుండా పోయాయంటే, ఆ లైట్లకీ మనకీ మధ్య ఏదో అడ్డుందని. వెంటనే యాక్సిలరేటర్ వదిలెయ్యాలి, అదేమిటో తరవాత తేల్చుకోవచ్చు.

వేగం గురించి ఉపన్యాసాలు అందరూ ఇస్తారు, లెక్క మాత్రం ఎవరూ చెప్పరు. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డం వచ్చిందని కన్ను చూసి, మెదడుకి చెప్పి, చెయ్యి బ్రేకు నొక్కేసరికి ఆ సెకను కాస్తా అయిపోతుంది. ఆ తర్వాత పొడి రోడ్డు మీద బాగా బ్రేకు వేసినా ఆగడానికి ఇంకో 23 మీటర్లు పడుతుంది. మొత్తం 40. అదే 40 కిలోమీటర్ల వేగంలో ఉంటే రెండూ కలిపి 21 మీటర్లలో బండి నిలబడుతుంది. చాలా బైకుల డిమ్ లైటు అందేది నలభై, యాభై మీటర్లే. అంటే రాత్రిపూట 60 దాటినవాడు, కనిపించిన వస్తువు ముందు ఆగలేని వేగంలో ఉన్నాడు. వాన పడితే ఈ అంకెలన్నీ పెరిగిపోతాయి. అన్నట్టు, బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుది. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామన్న భయంతో మన పల్లెల్లో దాన్ని ముట్టుకోనివాళ్లు ఉన్నారు. నిటారుగా పోతున్నప్పుడు రెండు బ్రేకులూ కలిపి, ముందుది క్రమంగా గట్టిపరుస్తూ పట్టడం ఖాళీ గ్రౌండులో ఓ పూట సాధన చేస్తే వచ్చే విద్య.

కోతలు మొదలయ్యాక ఇంకో సంగతి చూడాలి. వరికోతల వేళ నెల్లిమర్ల నుంచి పాలకొండ దాకా ఏ ఊరి రోడ్డు చూసినా సగం కళ్లమే. తారు మీద ధాన్యం, తర్వాత మొక్కజొన్న. రైతుని అనడానికి నోరు రాదు. ఆరబోసుకోవడానికి ఆయనకి వేరే జాగా లేదు, తేమ తగ్గకపోతే కొనేవాడు లేడు. కానీ గింజల మీద టైరుకి పట్టు ఉండదు. సాయంత్రం కుప్ప చేసి టార్పాలిన్ కప్పి, ఎగిరిపోకుండా చుట్టూ బండరాళ్లు పెడతారు. పొద్దున్న ధాన్యం ఎత్తేశాక రాళ్లు అక్కడే ఉండిపోతాయి. నల్ల రోడ్డు మీద నల్లరాయి చీకట్లో ఎవరికి కనిపిస్తుంది? గింజల మీదకి ఎక్కక తప్పనప్పుడు బ్రేకు ముట్టకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. ముందే వేగం తగ్గించుకుని నేరుగా దాటెయ్యాలి.

వంశధార, నాగావళి ఇసుక లారీల నుంచి రాలిన ఇసుకదీ ఇదే తీరు. 2021 సెప్టెంబరు 10 రాత్రి హైదరాబాద్ దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గర నటుడు సాయి ధరమ్ తేజ్ బైకు జారిపడిన దృశ్యం టీవీల్లో చూడనివాళ్లు లేరు. రోడ్డు మీద ఇసుక, బురద, దానికి తోడు వేగం. కాలర్ బోన్ విరిగింది, రోజుల తరబడి స్పృహ లేదు. అక్టోబరు 15న, తన పుట్టినరోజునాడు ఇంటికి చేరాడు. ఆ రాత్రి తలకి హెల్మెట్ ఉంది. తర్వాత సినిమా సభల్లో మైకు దొరికినప్పుడల్లా ఆయన అభిమానులకు హెల్మెట్ పెట్టుకోమనే చెబుతూ వచ్చాడు.

హెల్మెట్ మన దగ్గర లేక కాదు. పెట్రోలు ట్యాంకు మీద ఉంటుంది, మోచేతికి వేలాడుతుంది, టోల్‌గేటు దగ్గర పోలీసులు కనబడితే తలెక్కుతుంది. ఎక్కినా బకిల్ పడదు. పట్టీ బిగించని హెల్మెట్ దెబ్బ తగలకముందే ఎగిరిపోతుంది. గడ్డం కింద పట్టీకీ చర్మానికీ మధ్య రెండు వేళ్లు మాత్రమే దూరాలి. హెల్మెట్ పట్టుకుని తల అటూ ఇటూ తిప్పితే బుగ్గల చర్మం కూడా కదలాలి. లోపలి థర్మాకోల్ పొరే అసలు సరుకు. దెబ్బకి అది నలిగి, పుర్రెకి చేరాల్సిన అదురుని తాను తీసుకుంటుంది. ఒకసారి నలిగిందంటే పై పెంకు మెరుస్తున్నా ఆ హెల్మెట్ పని అయిపోయినట్టే. ఐఎస్ఐ మార్కు లేనిదాన్ని తయారు చెయ్యడం, అమ్మడం 2021 జూన్ 1 నుంచి నేరం. అయినా రోడ్డు పక్కన తాడుకి వేలాడదీసి అమ్ముతూనే ఉన్నారు. హెల్మెట్‌తో చావు ముప్పు 42 శాతం, తల గాయాల ముప్పు 69 శాతం తగ్గుతాయని 2008 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది.

వెనక కూర్చున్నవాళ్ల మాట ఎవరికీ పట్టదు. 2022లో హెల్మెట్ లేక చనిపోయిన 50,029 మందిలో 14,337 మంది వెనక సీటువాళ్లు. సంక్రాంతికి వలస ఊళ్ల నుంచి అందరూ ఇంటికి చేరాక, అరసవల్లికో రామతీర్థానికో బయల్దేరే బండి చూడండి. నడిపే ఆయనకి హెల్మెట్, ఒక పక్కకి కూర్చున్న ఆవిడకి ఒళ్లో పిల్లాడు, గాల్లో కొంగు. చట్టం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ పెట్టుకోవాలంటుంది. చక్రంలో చీర చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగమైనా కప్పే గార్డు ఉండాలని కూడా నిబంధన ఉంది. అందం చెడిందని దాన్ని పీకించేసే కుర్రాళ్లు, పెళ్లయ్యాక మళ్లీ పెట్టించుకోవడమూ కద్దు.

ఇంత చూసుకున్నా ఏదో ఒకరోజు రోడ్డు పక్కన ఎవరో పడి ఉంటారు. ఆగితే పోలీసు కేసులు, కోర్టు చుట్టూ తిరగడం అనే భయంతో చాలామంది చూసీ చూడనట్టు పోతుంటారు. ఆ భయం ఇప్పుడు అనవసరం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 134ఎ సెక్షన్ ప్రకారం, సాయం చేసినవాడి మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఏదీ పడదు. ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కర్లేదు. క్షతగాత్రుడికి ఏడు రోజుల దాకా, లక్షా యాభై వేల రూపాయల వరకు నగదు కట్టకుండా వైద్యం అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. స్పృహ లేనివాడిని ఆటోలోకి మడిచి ఎక్కించడం, హెల్మెట్ గుంజి తియ్యడం, నోట్లో నీళ్లు పొయ్యడం మాత్రం చెయ్యకూడదు. మెడ ఎముకకి దెబ్బ తగిలి ఉంటే ఆ గుంజుడుతో మనిషి జన్మంతా మంచాన పడతాడు. ఊపిరి ఆడుతోందో లేదో చూసి, మెడ కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చెయ్యాలి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. తలకి పెద్ద దెబ్బయితే చాలాసార్లు విశాఖ దాకా తీసుకెళ్లాల్సి వస్తుంది, శ్రీకాకుళం నుంచే అది వంద కిలోమీటర్ల పైమాట. కాబట్టి అంబులెన్స్ వెతుక్కుంటూ తిరగకుండా దగ్గర్లోని కిలోమీటరు రాయి మీద అంకె, రోడ్డుకి ఏ వైపు పడి ఉన్నాడో, పలాస వైపు పోయే వరుసా విశాఖ వైపు పోయే వరుసా అన్నది ఫోన్లో ముందే చెప్పెయ్యాలి. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు మీద అవతలి వరుసలోకి వచ్చిన అంబులెన్స్ మళ్లీ తిరిగి రావాలంటే ఆ యూటర్న్ దాకా పోవాల్సిందే.