ముక్కు దిబ్బడను కొలుచుట ఎట్లు?

హైదరాబాదు పశ్చిమభాగమునందలి హఫీజ్‌పేట్ వంటి పెరుగుచున్న పేటలలో ఖాళీ స్థలము దొరికినచోట వయ్యారిభామ మొలచును. దాని పుప్పొడియు, ఇంటి దుమ్మునందలి సూక్ష్మకీటకములును కొందరికి సరిపడవు. వారికి తుమ్ములు, నీరు కారుట, ముక్కు దిబ్బడ కలుగును. దీనిని అలర్జీ పడిశమందురు. తుమ్ములను లెక్కింపవచ్చును. మరి దిబ్బడను కొలుచుట ఎట్లు?

దిబ్బడకు చీమిడి మాత్రమే కారణము కాదు. ముక్కు లోపలి ప్రక్కగోడలపై చుట్టలవంటి ఎముకలు కలవు. వాటిని కప్పిన పొరలోని రక్తనాళములు నెత్తురుతో ఉబ్బినపుడు గాలిదారి ఇరుకగును.

19వ శతాబ్దము చివర హాలండు శాస్త్రజ్ఞుడు జ్వార్డెమేకర్ చల్లని అద్దమును ముక్కుక్రింద పట్టి, ఊపిరి ఆవిరి మచ్చలను పరీక్షించెను. చల్లని స్టీలు పళ్లెముతో విద్యార్థులును దీనిని చేసి చూడవచ్చును. రెండు మచ్చలు సమముగా నుండకపోవచ్చును. కొన్ని గంటల తరువాత చిన్నది పెద్దది కావచ్చును. ఆరోగ్యవంతులలోను రెండు రంధ్రములు వంతులవారీగా బిగియుచు వదులగుచుండునని 1895లో జర్మనీ వైద్యుడు కైజర్ వర్ణించెను. కనుక ఒక ప్రక్కను మాత్రమే చూచిన మోసపోవుదుము.

రెండవ సాధనము ముఖమునకు తొడుగుకొను గొట్టము. నోరు మూసి, ముక్కుతో బలముగా గాలి పీల్చిన, గరిష్ఠ వేగమును ముల్లు చూపును. ఆరోగ్యవంతులైన పెద్దలలో ఇది సగటున నిమిషమునకు 120 నుండి 140 లీటర్ల వరకు ఉండును. మూడుసార్లు పీల్చి, అందులో ఎక్కువ విలువను గైకొందురు.

మూడవది మరింత సూక్ష్మమైనది. గాలిని నడుపు పీడనమును, ప్రవాహమును ఒకేసారి కొలుచును. పీడనమును ప్రవాహముచే భాగించిన నిరోధము వచ్చును. 150 పాస్కళ్ల పీడనము వద్ద సెకనుకు 600 ఘనసెంటీమీటర్ల గాలి పోయిన నిరోధము 0.25, 300 మాత్రమే పోయిన 0.5. అనగా ప్రవాహము సగమైన నిరోధము రెట్టింపగును.

అయితే యంత్రము చెప్పునదియు, రోగి చెప్పునదియు ఎల్లప్పుడు ఏకీభవింపవు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనము తెలుగువారికి సుపరిచితము. అందలి మెంథాల్, అనగా పిప్పరమెంటు పువ్వు, వాసన చూచిన వెంటనే ముక్కు తెరచుకొన్నట్లు తోచును. కాని నిరోధము కొలిచిన దాదాపు మార్పుండదు! మెంథాల్ చల్లదనమును తెలుపు నాడులను ప్రేరేపించును గాని ఉబ్బును తీయదు.

ముక్కు చుక్కల మందులలో కొన్ని నిజముగా ఉబ్బును తీయును. కాని కొద్దిదినములకు మించి వాడిన దిబ్బడ తిరుగబడి హెచ్చును. హాయి కలిగినదని వాటినే నమ్ముకొనిన హాని తప్పదు.

కనుక వైద్యులు 10 సెంటీమీటర్ల గీతపై తన బాధ ఎంతయో రోగిచేతనే గుర్తుపెట్టించి, దానిని యంత్రపు అంకెతో పోల్చిచూతురు. గాలి ఎంత పోవుచున్నదో యంత్రము చెప్పును. బాధ ఎంతయో రోగి చెప్పవలెను. ఈ రెండు ప్రశ్నలు వేరువేరని గుర్తించుటయే సరియైన కొలతకు మొదటి మెట్టు.