గొంగళ్ళ ఉతుకు – సంరక్షణ

శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దల మాట. చలి పోగానే గొంగడిని సోడా నీళ్ళలో ఉడికించి ఉతికేవారు కొందరున్నారు. మురికి వదులుతుంది, కాని తొలకరి నాటికి ఆ గొంగడి వానకు ఆగదు. పొలానికి వెళ్ళేవారికి గొంగడి చలికి కప్పుడే కాదు, వానకు గొడుగు కూడాను. కావున ఉతుకులో ఏమి పోతున్నదో ముందు గ్రహించవలెను.

గొర్రె చర్మంలోని గ్రంథుల నుండి ఊరే జిడ్డు ఉన్నికి అంటుకొని ఉంటుంది. శుద్ధి చేసిన ఈ జిడ్డునే లానొలిన్ అంటారు. ముతక ఉన్నిదారంలో కొంత మిగిలి ఉండే ఈ జిడ్డే చినుకులను లోనికి ఇంకనీయదు. ఇక ఉన్ని, మన గోళ్ళవలెనే, కెరటిన్ అనే మాంసకృత్తు. చాకలిసోడా, చవుడు వంటి క్షారాలు జిడ్డును తొలగించడమే గాక ఉన్నిని కూడ తినివేస్తాయి. వేడినీటిలో పెట్టి బాదితే పోగులపై నుండే సన్నని పొలుసులు పెనవేసుకొని గొంగడి కుదించుకుపోతుంది.

ముందుగా గొంగడిని ఎండవేసి దులపవలెను. కుంకుడు రసం కలిపిన గోరువెచ్చని నీటిలో 10 నిమిషాలు ఉంచి, చేతులతో అదిమి ఉతకవలెను. బండపై బాదరాదు, మెలిపెట్టి పిండరాదు. మంచినీటిలో రెండు మూడుసార్లు జాడించవలెను. తడి ఉన్ని తన బరువుకు తానే సాగుతుంది గనుక దండెంపై వేలాడదీయక, నులకమంచం మీద నీడలో ఆరబెట్టవలెను.

ఆరిన పిమ్మట నాలుగు నీటిచుక్కలు చిలకరించి చూడండి. ముత్యాలవలె నిలిచినచో మరేమీ అక్కరలేదు. వెంటనే ఇంకిపోయినచో 10 లీటర్ల నీటిలో 200 గ్రాముల సబ్బు కరగించి గొంగడిని ముంచి, నీరు కార్చి, అంతే పటిక కరగించిన మరి 10 లీటర్ల నీటిలో ముంచవలెను. సబ్బు, పటిక కలసి నీట కరగని పదార్థమై పోగులను పట్టుకొంటుంది. డిటర్జెంటు పొడులతో ఈ పని జరుగదు. తేలికగా జాడించి ఆరబెట్టండి. రంగు గొంగళ్ళయితే ముందు ఒక మూల పరీక్షించుట మేలు. ఇది జల్లుకు రక్షయే గాని జడివానకు కాదు.

చెమట, మురికి అంటిన ఉన్ని చిమ్మటపురుగుకు ప్రీతి. కావున శుభ్రపరచి, తడి లేశమైనా లేకుండ ఆరిన తరువాతనే మడిచి పెట్టెలో ఉంచవలెను. నెలకొకసారి తీసి, దులిపి ఎండ చూపుట మరువరాదు.