ఫ్రిజ్‌కి తాళమూ, దత్తత బిడ్డ ఆకలీ

దత్తత తెచ్చుకున్న పిల్ల కాస్త ఒళ్లు చేసిందంటే చాలు, చుట్టాల వైద్యం మొదలు: డబ్బాలన్నీ అటకెక్కించండి, ఫ్రిజ్‌కి తాళం వేయండి, నెల తిరక్కుండా తిండియావ తగ్గిపోతుంది! తగ్గదు. తాళం పడిన ఇంట్లో చపాతీలు దిండు కిందికి చేరతాయి, అర్ధరాత్రి వంటింట్లో అలికిడవుతుంది. దానికి మళ్లీ ‘దొంగబుద్ధి’ అని ఇంకో పేరు.

1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు అర్ధాకలి తిండి పెట్టారు. వాళ్లు కంచాలు నాకారు, వంటల పుస్తకాలు పోగేశారు. మళ్లీ కడుపునిండా పెట్టాక కూడా కొందరికి చాలాకాలం ఆకలి తీరలేదు. ఇష్టపడి ప్రయోగానికి వచ్చిన పెద్దవాళ్లే అలా అయిపోతే, అడిగితే పెట్టేవాళ్లుంటారో ఉండరో తెలియక పెరిగిన మూడేళ్ల పిల్ల సంగతి వేరే చెప్పాలా? తాళం చూశాక ఆ పిల్లకు తన భయం నిజమేనని రూఢి అయిపోతుంది. ఏ లోటూ లేని ఇళ్ల పిల్లలు కూడా, కళ్లెదుటే పెట్టి అందనివ్వని తినుబండారం కోసమే ఎక్కువ ఆరాటపడతారని 1999లో ఫిషర్, బర్చ్ ప్రయోగాల్లో తేలింది.

‘అంతా రక్తంలోనే ఉంది’ అనేదాంట్లో మాత్రం, ఇష్టం లేకపోయినా, కొంత నిజం ఒప్పుకోవాలి. డెన్మార్క్‌లో 540 మంది దత్తత సంతానాన్ని పరిశీలించిన స్టంకార్డ్ బృందం, వాళ్ల బరువుకు పోలిక కన్నవాళ్లతోనే ఉందనీ పెంచినవాళ్లతో లేదనీ 1986లో చెప్పింది. అది ఒంటితీరు మాట. చపాతీ దాచడానికి జన్యువును ఎవరూ కనిపెట్టలేదు. పైగా ఒంటితీరు బిడ్డ చేతుల్లో లేనప్పుడు దెప్పడం దేనికి?

దిష్టి అంటారా, ఉప్పు దండగ.

వేళకు పెట్టండి. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మీ ఇష్టం, ఎంత తినాలన్నది పిల్ల ఇష్టం. మధ్యలో అడిగితే అరటిపండో ఇడ్లీయో చేతికందేలా ఉంచండి. చిప్స్, కూల్‌డ్రింకులు అసలు కొనకండి, అప్పుడు దాచే పనీ ఉండదు. ఏడిస్తే బిస్కెట్ ఇవ్వకుండా ముందు ఎత్తుకోండి. బరువు సంగతి పిల్లల డాక్టరుతో మాట్లాడండి, పేరంటంలో కాదు. ఎనిమిదేళ్లు నిండకుండానే ఆడపిల్లలో ఈడు లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. మన దేశం నుంచి స్వీడన్‌కు దత్తత వెళ్లిన ఆడపిల్లల్లో చాలామంది త్వరగా రజస్వల అయ్యారని 1991లోనే నమోదైంది. దత్తత తర్వాత రెండేళ్లపాటు ఆరునెలలకోసారి వచ్చే సోషల్ వర్కర్‌కు కాఫీ ఇచ్చి ‘అంతా బాగుందండీ’ అని పంపేయకండి. ఈ తిండి గొడవ చెబితే కౌన్సెలింగ్ ఏర్పాటు చేయాల్సింది వాళ్లే.