రోటరీ టేబులుపై లేతు చక్కు

నీటి పంపు ఫ్లాంజి విరిగినపుడు పంచాయతీవారు కొత్తదానిని వర్క్‌షాపులో చేయింతురు. బోల్టు రంధ్రములలో ఒక్కటి తప్పినను అది పైపునకు అమరదు. ఊరికి నీరు రాదు. కనుక ఆ పని జరుగు విధమును సభ్యులు కొంత ఎరిగియుండుట మంచిది.

రంధ్రములు సమదూరమున పడుటకై, మిల్లింగు యంత్రముపై డిగ్రీల లెక్కన తిరుగు బల్లను వాడుదురు. ఇదియే రోటరీ టేబులు. గుండ్రని ఫ్లాంజిని పట్టుటకు దానిపై మూడు దవడల లేతు చక్కును బిగింతురు. రెండింటి కేంద్రమును ఒక్కటిగా చేయుటయే ఇందులోని కష్టము. కేంద్రము తప్పినచో రంధ్రముల వరుస యంతయు ఒక ప్రక్కకు జరుగును.

చక్కు వెనుకనున్న పల్లములో బిగువుగా కూర్చుండు మెట్టుగల ఇనుప పలకను చక్కునకు తగిలించి, ఆ పలకను టేబులు గాడులలోని బోల్టులతో వదులుగా నిలుపుదురు. పిదప చక్కులో తిన్నని కడ్డీని పట్టి, డయల్ గేజీ మొనను దానికి ఆనించి, టేబులును త్రిప్పుదురు. సూది కదలినంతసేపు పలకను మెల్లగా తట్టి సరిచేయవలెను. బోల్టులు గట్టిగా బిగించిన పిమ్మట మరల చూడవలెను. బిగించునపుడే చక్కు జరుగవచ్చును. తొందరలో ఈ రెండవ పరీక్షను మానివేయువారు లేకపోలేదు!

90కి 1 నిష్పత్తిగల టేబులు, చేతిపిడి ఒక చుట్టునకు 4 డిగ్రీలు తిరుగును. 6 రంధ్రములకైనచో ప్రతిమారును 15 చుట్లు. విరిగిన ఫ్లాంజి ముక్కలను పారవేయక వర్క్‌షాపునకు తీసికొనిపోవలెను. రంధ్రముల వృత్తపు కొలత వానినుండియే తెలియును.