మీకు తెలుసా? పొగాకుపై పోటీ... మెదక్ బడిలో పెడితే!

ప్రపంచంలో పొగాకు వాడేవాళ్లలో నూటికి 80 మంది పేద, మధ్యాదాయ దేశాల్లోనే ఉన్నారు. ఆ అలవాటును బడిలోనే ఆపాలని చాలా దేశాలు విద్యార్థులకు పోటీలు పెడుతున్నాయి. మన మెదక్‌లో పెడితే ఏమేం తెలిసి ఉండాలి?

● ఫిన్లాండ్‌లో 1989లో ‘పొగ తాగని తరగతి’ పోటీ మొదలైంది. ఆరు నెలలు పొగ ముట్టబోమని తరగతి అంతా కలిసి ఒప్పుకుంటారు. నిలబడ్డ తరగతుల పేర్లు లాటరీలో వేసి బహుమతులిస్తారు. బొమ్మ బాగా గీసిన ఒక్కరికే కప్పు ఇచ్చి పంపడం కన్నా ఇది ఎంతో మేలు. తోటివాడు జారిపోకుండా అందరూ చూసుకుంటారు.

● మన దేశంలో 2019 సర్వే ప్రకారం 13-15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. బీడీ అలవాటున్న పిల్లల్లో 47 శాతం మంది పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారట! పోటీ పెట్టడానికి హైస్కూలు దాకా ఆగితే ఆలస్యమే. మూడో తరగతి నుంచే పెట్టాలి.

● ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం మే 31. ఆ రోజు మన బడులకు ఎండాకాలం సెలవులు. కేంద్రం 2024లో 60 రోజుల ‘పొగాకు రహిత యువత’ ప్రచారాన్ని సెప్టెంబర్ 24న మొదలుపెట్టింది. మన పిల్లలకు అనువైన కాలం అలాంటిదే.

● మెదక్ జిల్లాలో ఎన్నో ఇళ్లలో పొగాకు మొదట కనిపించేది అమ్మ ఒడిలోని చేటలోనే. తునికాకు నానబెట్టి, కొలత ప్రకారం కత్తిరించి, చిటికెడు తంబాకు పరిచి, వేళ్ల మధ్య చుట్టి, మూతి మడిచి, దారం కడుతుంది. 25 బీడీలైతే ఒక కట్ట. తాగకపోయినా ఆ దుమ్ము ఆమె పీలుస్తూనే ఉంటుంది, పక్కన కూర్చున్న బిడ్డా పీలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలుపెట్టింది. భృతి డబ్బు ఆసరాయే గానీ, చేట పక్కన పెట్టడానికి చాలదు. అందుకే ఇక్కడి పోటీలో ‘బీడీ మానండి’ అన్న నినాదం ఒక్కటే సరిపోదు. ‘అమ్మకు వేరే ఏ పని చూపవచ్చు?’ అన్న ప్రశ్నకూ మార్కులుండాలి. ఆమెను తప్పుపట్టే పోస్టర్ ఒక్కటి కూడా ఉండకూడదు.

● ‘బీడీ ఆకుదే కదా, సిగరెట్ కన్నా నయం’ అనే మాట వినే ఉంటారు. నిజం కాదు. బీడీలో పొగాకు తక్కువే. కానీ తునికాకు సరిగా కాలదు, ఆరిపోకుండా మాటిమాటికీ గట్టిగా పీల్చాలి. తారు, నికోటిన్ ఊపిరితిత్తుల్లోకి బాగానే చేరతాయి.

● 2003 పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం విద్యాసంస్థకు వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదు. అంటే 300 అడుగులు. టేపు పట్టుకుని పిల్లలే బడి ప్రహరీ గోడ నుంచి కొలిస్తే అదే మంచి పోటీ అంశం. మెదక్ పట్టణంలోని రాందాస్ చౌరస్తా చుట్టుపక్కల బడులున్న వీధుల్లో మొదలుపెట్టవచ్చు. సార్లు వెంట ఉండాలి, దుకాణదారుతో వాదన పెట్టుకోవద్దు. గీసిన పటం అధికారులకు ఇస్తే చాలు.

● ‘ఉరికిపోయి బీడీ కట్ట తేపో’ అని పిల్లలను పంపే తాతలున్నారు. 18 ఏళ్లు నిండనివారికి అమ్మడం నేరం, ఎవరి కోసం కొన్నా సరే. 2015 బాలల న్యాయ చట్టంలో పిల్లలకు పొగాకు ఇచ్చినవారికి ఏడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

● మానాలనుకునేవారికి ఉచిత ఫోన్ సాయం ఉంది: 1800-11-2356. పొగాకు ప్యాకెట్ల మీదా ఇదే నంబరు ఉంటుంది. మెదక్ టీచర్లకు ఒక మనవి: ఈసారి పోటీ పెడితే, ఇంట్లో మానాలనుకునే పెద్దలకు ఈ నంబరు అందించే పని పిల్లలకు అప్పగించండి.