మత్తు ప్రయాణం.. పేదింటికి తీరని నష్టం

వర్ధన్నపేట: కూలి డబ్బులు చేతికందిన సాయంత్రం మద్యం తాగి ద్విచక్ర వాహనమో, ఆటోనో నడిపేవారు పోగొట్టుకునేది ఆనాటి సంపాదన మాత్రమే కాదు. ప్రమాదం జరిగితే కుటుంబానికి అందవలసిన బీమా సొమ్ము కూడా చేజారుతుంది. రెక్కాడితే గాని డొక్కాడని ఇళ్లకు ఇది కోలుకోలేని దెబ్బ.

రహదారిపైనే పట్టణం
వర్ధన్నపేట వరంగల్‌-ఖమ్మం జాతీయ రహదారి(563)పై ఉంది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న ఆదేశించింది. 20 వేల లోపు జనాభా గల ప్రాంతాల్లో ఈ దూరాన్ని 2017 మార్చి 31న 220 మీటర్లకు తగ్గించింది. పురపాలక సంఘాల పరిధిలోని దుకాణాలకు నిషేధం వర్తించదని అదే ఏడాది జులై 11న స్పష్టం చేసింది. వర్ధన్నపేట 2018లో పురపాలక సంఘమైంది. దీంతో ఆ తీర్పు విధించిన దూరం ఇక్కడ అడ్డు కాదు. జాగ్రత్త వాహనదారులదే.

ఇదీ చట్టం
100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్‌ 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌ ప్రకారం నేరం. 2019 సవరణతో తొలిసారి పట్టుబడితే 6 నెలల వరకు జైలు లేదా రూ.10 వేల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మళ్లీ పట్టుబడితే 2 ఏళ్ల వరకు జైలు, రూ.15 వేల జరిమానాకు అవకాశముంది.

బీమాకు గండి
వాహన యజమానే నడుపుతూ మరణిస్తే కుటుంబానికి రూ.15 లక్షలు అందించే వ్యక్తిగత ప్రమాద బీమా ఉంది. మద్యం మత్తులో జరిగిన ప్రమాదానికి ఇది వర్తించదు. ఎదుటివారు మరణిస్తే బీమా సంస్థ పరిహారం చెల్లించి, ఆ మొత్తాన్ని వాహన యజమాని నుంచి రాబట్టుకునేలా న్యాయస్థానాలు ఆదేశించిన సందర్భాలున్నాయి. అప్పు చేసి ఆటో కొన్నవారికి వాయిదాలపై ఇది అదనపు భారం.

బస్సే మేలు
ఆర్టీసీ డ్రైవర్లకు విధుల్లో చేరే ముందు డిపోల్లో శ్వాస పరీక్ష చేస్తారు. ఆటోలకు అలాంటి ముందస్తు పరీక్ష లేదు. పోలీసులు దారిలో ఆపితేనే బయటపడుతుంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో మహిళలకు 2023 డిసెంబరు 9 నుంచి ఉచిత ప్రయాణ సౌకర్యం ఉంది. పురుషులు టికెట్‌ కొనవలసిందే. అయినా తాగిన రోజున బండిని అక్కడే ఉంచి బస్సెక్కితే ఖర్చయ్యేది ఆ టికెట్‌ డబ్బులే.

మద్యం మానాలనుకునేవారు, వారి కుటుంబ సభ్యులు టోల్‌ఫ్రీ నంబరు 14446కు ఫోన్‌ చేసి సలహాలు పొందవచ్చు.