ఆటల కంప్యూటరు: ఏ భాగమును మార్చవలెను?

వేసవి సెలవులు వచ్చినంతనే తాడేపల్లిగూడెములోని జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో చదువుకొను విద్యార్థులు ఇండ్లకు చేరుదురు. అప్పుడు ఏలూరులోను, కైకలూరు ప్రాంతపు గ్రామములలోను పెక్కు ఇండ్లలో ఒక వాదము బయలుదేరును. "2020లో పాఠములు ఇంటినుండి వినుటకు కొన్న కంప్యూటరు ఇది. క్రొత్త ఆటలు దీనిమీద సాగుట లేదు. గ్రాఫిక్స్ కార్డు కొనిపెట్టండి" అని కుమారుడు. "నిన్న గాక మొన్న కొన్నదే కదా, అప్పుడే పాతబడినదా?" అని తండ్రి. ఇద్దరి మాటలోను న్యాయమున్నది. చేపలకు ధర లేని యేట ముప్పది వేల రూపాయలు వెచ్చించుట ఏ గృహస్థునకును తేలిక కాదు. అయినను యంత్రమునంతయు మార్చనక్కరలేదు. ఒక్క భాగమును మార్చిన చాలునేమో. ఆ భాగమేదో తెలిసికొనుట ఎట్లు? ఈ ప్రసంగమున మేము వివరింపబోవునది అదియే.

ముందుగా ఆట తెరమీదికి ఎట్లు వచ్చునో చూతము. ఆటలో ఎవరు ఎక్కడ ఉన్నారు, బంతి ఎటు పోయినది అను లెక్కలను ప్రాసెసరు వేయును. ఆ లెక్కను బట్టి బొమ్మను గీయునది గ్రాఫిక్స్ కార్డు. వీనికి కావలసిన సరంజామాను చేతికందునట్లు ఉంచునది ర్యాము. సామాన్యమైన తెర సెకనునకు 60 బొమ్మలు చూపును. అనగా ఒక్కొక్క బొమ్మను సిద్ధపరచుటకు సెకనులో అరువదవ వంతే వ్యవధి. ఈ పనివారిలో ఏ ఒక్కరు ఆలస్యము చేసినను బొమ్మ ఆలస్యమగును, ఆట కుంటుపడును.

కొల్లేరు ఎరిగినవారికి ఇది క్రొత్త విషయము కాదు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు తెచ్చిన నీరు కొల్లేటిలో చేరి, ఉప్పుటేరు అను దారిన సముద్రమునకు పోవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు కొల్లేటి లంకల వారు పడిన పాట్లు మనకు తెలిసినవే. ఉప్పుటేరు మోయగలిగినంత నీరే సముద్రమునకు చేరును. బుడమేరును ఎంత వెడల్పు చేసినను లంకలలోని నీరు త్వరగా తీయదు. కంప్యూటరులో కూడ ఎక్కడో ఒక ఉప్పుటేరు ఉండును. దానిని వదలి మరియొకచోట పెట్టిన సొమ్ము వృథా.

ఆ ఇరుకును కనుగొనుటకు కానీ ఖర్చు లేదు. విండోసు ఉన్న కంప్యూటరుపై ఆట నడచుచుండగా కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు అను మూడు మీటలను కలిపి నొక్కినచో టాస్కు మేనేజరు తెరచుకొనును. అందు పెర్ఫార్మెన్సు అను పుటలో ప్రాసెసరు, ర్యాము, డిస్కు, గ్రాఫిక్స్ కార్డు ఎంతెంత పనిలో ఉన్నవో నూటికి ఇంత అని కనబడును. గ్రాఫిక్స్ కార్డు ఎడతెగక 95కు పైన ఉన్నచో ఇరుకు అక్కడ ఉన్నదని అనుకొనవచ్చును.

దీనిని మరియొక విధమున సరిచూచుకొనవలెను. తెరమీది బొమ్మ 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు గలదైనచో మొత్తము చుక్కలు 20,73,600. ఆట అమరికలలో దీనిని 1280, 720కు తగ్గించినచో చుక్కలు 9,21,600 మాత్రమే. గీయుపని సగమునకంటె తగ్గినది, లెక్కల పని తగ్గలేదు. అప్పుడు ఆట చురుకుగా సాగినచో లోపము గ్రాఫిక్స్ కార్డుది. ఏమియు మారనిచో లోపము చాలవరకు ప్రాసెసరుది. అయితే ఆట సెకనుకు 60 బొమ్మల వద్ద కదలక నిలిచియున్నచో అది తెరకు తగినట్లు పెట్టిన హద్దే కావచ్చును. 60 బొమ్మలు చూపు తెరకు 120 బొమ్మలు గీయు కార్డు కొనుట వలన కలుగు లాభము స్వల్పము.

ఆట మొదటి అరగంట బాగుగా సాగి, తరువాత నెమ్మదించుచున్నదా? అట్లయిన సొమ్ము తీయుటకు ముందు బ్రష్షు తీయవలెను. ఏప్రిల్, మే మాసములలో ఏలూరులో ఎండ 40 డిగ్రీలు దాటు దినములు కలవు. ప్రాసెసరు వేడి 100 డిగ్రీలకు చేరువైనచో తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. ప్లగ్గు తీసి, పెట్టె మూత విప్పి, ఫ్యాను రెక్కలను వ్రేలితో ఆపి పట్టుకొని, పేరుకొన్న దుమ్మును దులుపవలెను. ఎండిపోయిన థర్మల్ పేస్టును మార్పించుట కొద్ది ఖర్చుతో పోవు పని. పెట్టెను గోడ మూలనుండి జరిపి గాలి తగులుచోట ఉంచుటకు అదియు అక్కరలేదు.

ర్యాము 8 జి.బి. మాత్రమే ఉండి, ఆట నడచునపుడు పూర్తిగా నిండుచున్నచో 16 చేయుట మంచిది. ఒకే పెద్ద పలకకంటె, సమానమైన రెండు పలకలు జంటగా వేగముగ పనిచేయును. డి.డి.ఆర్.4 పలక డి.డి.ఆర్.5 గాడిలో పట్టదు. 2025 చివరి మాసములలో ర్యాము ధరలు మిక్కిలి పెరిగినవి కనుక పాత ధర మనసున పెట్టుకొని బజారునకు పోరాదు. హార్డు డిస్కు బదులు ఎస్.ఎస్.డి. పెట్టినచో ఆట త్వరగా తెరచుకొనును, చదువు పనులును సులువగును. కాని ఆట నడుమ వచ్చు కుంటుదనము సామాన్యముగా దానివలన పోదు.

ప్రాసెసరు మార్చదలచినవారు ముందుగా మదర్ బోర్డు పేరు చదువవలెను. 2017 నాటి ఎ.ఎం.డి. ఎ.ఎం.4 బోర్డులు పెక్కు, బయాస్ ను నవీకరించిన పిమ్మట, 2020లో వచ్చిన రైజెన్ 5000 తరగతిని స్వీకరించును. ఇంటెల్ 7వ తరము బోర్డులో 8వ తరము ప్రాసెసరు, చూపునకు అమరినట్లున్నను, పనిచేయదు. బోర్డు తయారీదారు ప్రకటించిన పట్టికయే ఇందుకు ప్రమాణము.

గ్రాఫిక్స్ కార్డు కొనువారు విద్యుత్తు లెక్కను మరువరాదు. ఆర్.టి.ఎక్స్. 3060 కార్డు 170 వాట్లు కోరును. దానికి 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. ఉండవలెనని తయారీదారు సూచించెను. ఆర్.ఎక్స్. 6600కు 132 వాట్లు చాలును.

ఈ సందర్భమున మా యింటి పొరపాటును చెప్పక తప్పదు. మా అబ్బాయికై గ్రాఫిక్స్ కార్డు కొనునపుడు ఉన్న సొమ్మంతయు దానికే వెచ్చించి, ఎస్.ఎం.పి.ఎస్. మాత్రము పేరూ ఊరూ లేనిదానిని తెచ్చితిమి. పెట్టెమీద 500 వాట్లు అని పెద్ద అక్షరములతో ఉన్నది. మూడవ నెలలో ఒక వానరాత్రి కరెంటు పోయి తిరిగి వచ్చినపుడు టప్పున చప్పుడైనది, కాలిన వాసన వచ్చినది. ఎస్.ఎం.పి.ఎస్. తోపాటు మదర్ బోర్డును పోయినది. మేము మిగిల్చినది పండ్రెండు వందలు, పోగొట్టుకొన్నది ఎనిమిది వేలు. అబ్బాయి పరీక్షలకై వ్రాసికొన్నవి డిస్కులో చెడక మిగులుట మా అదృష్టము. నాటినుండి మా యింట ఎస్.ఎం.పి.ఎస్. వద్ద బేరము లేదు. పేరుగల సంస్థది, వారంటీ గలది, 80 ప్లస్ గుర్తు గలది చూచి కొందుము. ఆ గుర్తు విద్యుత్తు వృథా కాదనుటకే గాని మన్నికకు హామీ కాదు కనుక వారంటీ కాలమును కూడ చదువుదుము. గోడ ప్లగ్గునకు, యంత్రమునకు నడుమ ఒక యు.పి.ఎస్. ఉంచితిమి.

పాత కార్డులు చవుకగా దొరకును. 2022 సెప్టెంబరులో ఇథీరియము అను నాణెమునకు కార్డులతో గనిపని ఆగిపోయినపుడు, రాత్రింబగళ్లు పనిచేసిన కార్డులెన్నో బజారునకు వచ్చినవి. అట్టివన్నియు చెడ్డవి కావు. అయినను మన కన్నుల ఎదుట అరగంటయైనను ఆట నడిపి చూపనిదే సొమ్ము ఈయరాదు. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయినను, విజయవాడలో కొన్నను, జి.ఎస్.టి. బిల్లు అడిగి తీసికొనవలెను. బిల్లు లేనిచో వారంటీ కోరుట కష్టము.

మార్చుటయే తగని యంత్రములును కలవు. విండోసు 10కు సామాన్యమైన మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోసు 11ను నియమము ప్రకారము ఎక్కించుటకు ఇంటెల్ లో ఇంచుమించు 8వ తరము, రైజెన్ లో 2000 తరగతి, లేదా వానికి పైవి కావలెను. అంతకంటె పాత యంత్రమున ఖరీదైన కార్డు పెట్టుటకంటె, ఆ సొమ్మును దాచి, ముందుగా బోర్డును, ప్రాసెసరును మార్చుట మేలు. ల్యాప్ టాపులో పెక్కింటికి ర్యాము, డిస్కు తప్ప మార్చుటకు వీలుండదు.

కనుక ఈ వేసవిలో వాదమునకు దిగుటకు ముందు తండ్రి, కుమారుడు ఒక సాయంకాలము యంత్రమెదుట కలిసి కూర్చుందురు గాక. దుమ్ము దులిపిన తరువాత ఆట నడిపి, ఏ భాగము నూటికి ఎంత పనిలో ఉన్నదో, బొమ్మ తగ్గించినపుడు ఏమి మార్పు వచ్చెనో, బోర్డు పేరేమో, ఎస్.ఎం.పి.ఎస్. ఎన్ని వాట్లదో కుమారుడు ఒక కాగితముపై వ్రాయవలెను. ఇంటికి వీలైన మొత్తమెంతో దాని క్రింద తండ్రి వ్రాయవలెను. దుకాణమునకు పోవునపుడు ఆ కాగితము జేబులో ఉన్నచో, అమ్మువాడు చూపినదిగాక, మనకు కావలసినదే కొని తెచ్చుకొందుము.